పక్షవాతం: ఆసుపత్రి పునరావాసంలో దినచర్యే చికిత్స

పక్షవాతం బారిన పడిన వ్యక్తికి ప్రాణాపాయం తప్పిందని వైద్యులు చెప్పిన మర్నాటి ఉదయం, ఆసుపత్రి మంచంపై ఎదురయ్యే మొదటి చిక్కు చాలా సందర్భాల్లో మూత్రవిసర్జన. ఆ వెంటనే పళ్లు తోముకోవడం, ముఖం కడుక్కోవడం, టీ గ్లాసు అందుకోవడం, చొక్కా మార్చుకోవడం వంటివి ఒకటొకటిగా ముందుకు వస్తాయి. నిన్నటిదాకా ఆలోచన అవసరం లేకుండా సాగిపోయిన ఈ పనుల్లో ప్రతిదానికీ ఇప్పుడు మరొకరి సాయం కావాలి. పునరావాస వైద్యం వీటిని దైనందిన కార్యాలుగా వ్యవహరిస్తుంది. రోగి ఎంతవరకు కోలుకున్నాడన్నది ప్రధానంగా వీటిని బట్టే అంచనా వేస్తుంది.

అయితే ఈ కార్యాలను కోలుకున్న తర్వాత తిరిగి దక్కే ఫలితంగా చూడటమే మన ఆసుపత్రుల్లోనూ ఇళ్లలోనూ పరిపాటి. చికిత్స అంటే మందులు, ఇంజక్షన్లు, రోజుకోసారి వచ్చి కాళ్లూ చేతులూ ఆడించి వెళ్లే ఫిజియోథెరపిస్టు. తిండి, స్నానం, దుస్తులు అటెండెంట్ల పని. ఈ విభజన ఎంతగా స్థిరపడిపోయిందంటే, రోగికి తన చేత్తో అన్నం తినిపించే ప్రయత్నం చేయించడం కూడా వైద్యంలో భాగమేనని చెబితే బంధువులు ఆశ్చర్యపోతారు. దెబ్బతిన్న మెదడు పోగొట్టుకున్న నైపుణ్యాన్ని తిరిగి నేర్చుకోవడానికి ఆ పనినే పదేపదే చేయడానికి మించిన మార్గం లేదన్నది నేటి నాడీ పునరావాసానికి ప్రాతిపదిక. రోగి తన మారిన శరీరాన్ని తొలిసారి గుర్తించేది, సిగ్గుపడేది, పట్టుదల తెచ్చుకునేది కూడా ఈ చిన్న పనుల్లోనే.

అపరిచితమైన దేహం

మెదడుకు రక్తం చేరవేసే నాళం పూడుకుపోయినా, చిట్లినా ఆ భాగంలోని కణాలు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. మెదడు కుడి అర్ధభాగం శరీరపు ఎడమ పక్షాన్ని, ఎడమ అర్ధభాగం కుడి పక్షాన్ని నియంత్రిస్తాయి కాబట్టి నష్టం ఎదుటి వైపున కనిపిస్తుంది. బయటివారికి కనిపించేది చచ్చుబడిన చేయి, కాలు మాత్రమే. రోగి అనుభవం అంతకన్నా సంక్లిష్టం. చేయి తనదే అయినా తన మాట వినదు. బరువుగా వేలాడుతుంది, లేదా అడగకుండానే బిగుసుకుంటుంది. నిద్రలో ఆ చేయి తన ఒంటి కిందే నలిగిపోతున్నా తెలియకపోవచ్చు.

ఈ అనుభవాన్ని లోపలి నుంచి నమోదు చేసిన వారిలో నార్వేకు చెందిన ప్రసిద్ధ నాడీ శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆల్ఫ్ బ్రోడల్ ఒకరు. 1972లో ఆయనకు మెదడు కుడి భాగంలో పక్షవాతం వచ్చి ఎడమ చేయి, కాలు బలహీనపడ్డాయి. జీవితమంతా మెదడు మార్గాలను అధ్యయనం చేసిన ఆ మనిషి తననే పరిశీలనాంశంగా తీసుకుని రాసిన వ్యాసం మరుసటి ఏడాది ‘బ్రెయిన్’ పత్రికలో వెలువడింది. అందులో పాఠకులకు బాగా గుర్తుండిపోయేది మెడకు బో టై కట్టుకునే ప్రసంగం. అంతకు మునుపు క్షణాల్లో ముగిసే ఆ పని మధ్యలో వేళ్లు ఆగిపోయేవి. తరువాతి కదలిక ఏమిటో వేళ్లకే తెలియనట్లు ఆయనకు తోచేది. బలహీనమైన కండరాన్ని కదిలించడానికి ఎంత మానసిక శ్రమ అవసరమవుతుందో కూడా ఆయన వివరించారు. బలంగా ఉన్న కుడి చేతితో రాసే రాత సైతం మారిపోవడం ఆయనను మరింత విస్మయపరిచింది.

బయటికి కనిపించని ఆ శ్రమే పక్షవాత రోగుల అలసటకు ఒక కారణం. చొక్కా తొడుక్కున్న తర్వాత గంటసేపు కళ్లు మూసుకుని పడుకునే రోగిని బద్ధకస్తుడిగా, ధైర్యం చాలనివాడిగా పొరబడటం కద్దు. ఒకప్పుడు చేతికి అలవాటుగా వచ్చిన పనిని ఇప్పుడు దశలు దశలుగా ఆలోచించి చేయవలసి రావడం వల్ల కలిగే అలసట అది. రాత్రి నిద్ర సరిపోయినా అది తగ్గకపోవచ్చు.

పది పనులు, నూరు మార్కులు

దైనందిన కార్యాల సామర్థ్యాన్ని కొలవడానికి ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా వాడే కొలమానాల్లో ఒకటి బార్తెల్ సూచిక. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో దీర్ఘకాలిక రోగుల ఆసుపత్రుల్లో పనిచేసిన వైద్యురాలు ఫ్లోరెన్స్ మహోనీ, ఫిజియోథెరపిస్టు డొరోథియా బార్తెల్ దీనిని 1965లో ప్రచురించారు. భోజనం, స్నానం, ముఖ ప్రక్షాళన, దుస్తులు, మల నియంత్రణ, మూత్ర నియంత్రణ, మరుగుదొడ్డి వినియోగం, మంచం నుంచి కుర్చీకి మారడం, నడక, మెట్లు ఎక్కడం అనే పది అంశాలకు కలిపి 100 మార్కులు. మంచం నుంచి కుర్చీకి మారడానికీ నడకకూ 15 చొప్పున, స్నానానికీ ముఖ ప్రక్షాళనకూ 5 చొప్పున, మిగిలిన ఆరింటికి 10 చొప్పున కేటాయించారు.

నూటికి నూరు వచ్చినా ఆ వ్యక్తి ఒంటరిగా జీవించగలడని అర్థం కాదని రూపకర్తలే అప్పట్లో స్పష్టం చేశారు. వంట చేసుకోలేకపోవచ్చు, ఇల్లు చక్కబెట్టుకోలేకపోవచ్చు. పక్కన సహాయకుడు లేకుండా గడుపుకోగలడన్నంత వరకే ఆ సంఖ్య చెబుతుంది. ఈ హెచ్చరిక మన కేస్ షీట్లలోకి రాలేదు, మార్కులు మాత్రం వచ్చాయి.

మరో పరిమితి సంస్కృతికి సంబంధించింది. భోజనంలో పూర్తి మార్కులు పొందడానికి మూల సూచనల్లో ఉన్న షరతులు ఆహారాన్ని కోసుకోవడం, ఉప్పు మిరియాల పొడి చల్లుకోవడం, రొట్టెకు వెన్న రాసుకోవడం. వేడి అన్నంలో పప్పు కలిపి, ముద్ద చేసి, జారకుండా నోటికి అందించడం వేరే నైపుణ్యం. అయిదు వేళ్లూ ఒకదానితో ఒకటి సమన్వయంతో కదలాలి, వేడిని పసిగట్టాలి, మణికట్టు తిరగాలి. అలాగే నేలపై బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, లేవడం, మన మరుగుదొడ్డిపై గొంతుక్కూర్చోవడం, బక్కెట్ నుంచి మగ్గుతో నీళ్లు పోసుకోవడం, చీర కుచ్చిళ్లు పోసుకోవడం వంటివేవీ ఆ జాబితాలో విడిగా లేవు. భారతీయ ఆసుపత్రిలో మంచి మార్కులతో ఇంటికి వెళ్లిన రోగి మొదటి రోజే నిస్సహాయుడిగా మిగలడానికి ఇది ఒక కారణం.

ఇక్కడే ఆక్యుపేషనల్ థెరపీ పాత్ర ప్రవేశిస్తుంది. తెలుగులో దీనిని వృత్తి చికిత్స అని అనువదించడం వల్ల ఉద్యోగానికి సంబంధించిన శిక్షణ అనే అపోహ ఏర్పడింది. మనిషి తన రోజును గడపడానికి చేసే పనులన్నీ ఇక్కడ ‘ఆక్యుపేషన్’ కిందికే వస్తాయి. ఫిజియోథెరపీ ప్రధానంగా కదలిక మీద దృష్టి పెడితే, ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆ కదలికను కంచం దగ్గరికి, కుళాయి దగ్గరికి తీసుకువెళతారు. దేశంలో పెద్ద నగరాల ఆసుపత్రులను దాటితే వీరు అరుదుగా కనిపిస్తారు.

కంచం ముందు

తొలి రోజుల్లో భోజనానికి ముందు తేల్చుకోవలసిన విషయం మింగగలగడం. పక్షవాతం తర్వాత చాలామందిలో గొంతు కండరాలు బలహీనపడతాయి. అందువల్ల నోటి ద్వారా ఏదైనా ఇచ్చే ముందు మింగే సామర్థ్యాన్ని పరీక్షించాలన్నది ప్రామాణిక నియమం. విచిత్రమేమిటంటే అందరూ తేలికైనదని భావించే మంచినీరే ఇటువంటి రోగికి కష్టమైనది. వేగంగా జారిపోయి శ్వాసనాళంలోకి వెళ్లి న్యుమోనియాకు దారితీయవచ్చు. చిక్కటి జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం అంతకన్నా సురక్షితం కావచ్చు. పరామర్శకు వచ్చిన బంధువు ప్రేమతో, పడుకోబెట్టే, కొబ్బరినీళ్లు పట్టడం వార్డుల్లో తరచూ జరిగే ప్రమాదం. మింగలేని వారికి ముక్కు ద్వారా రైల్స్ ట్యూబు వేస్తారు. ఆ ట్యూబు తీసిన రోజున తొలి ముద్ద రోగికీ, కుటుంబానికీ పండుగే.

ఆ తర్వాతి చిక్కు చేతిది. మెదడు ఎడమ భాగం దెబ్బతింటే కుడి చేయి పడిపోతుంది. అత్యధికుల్లో భాషా కేంద్రాలు కూడా ఎడమ భాగంలోనే ఉంటాయి. అంటే తినే చేయి, అడిగే మాట రెండూ ఒకేసారి పోయే అవకాశం ఎక్కువ. మన సమాజంలో దీనికి అదనపు బరువు ఉంది. ఎడమ చేత్తో తినడం తప్పని చిన్ననాటి నుంచి నేర్చుకున్న వ్యక్తి, మరీ ముఖ్యంగా వయోవృద్ధులు, ఇతరుల ఎదుట ఎడమ చేత్తో కంచం ముట్టడానికి ఇష్టపడరు. తనంతట తాను తినగలిగీ తినిపించుకోవడానికే మొగ్గు చూపేవారు, అర్ధాకలితో కంచం పక్కకు నెట్టేవారు ఉంటారు. ఆకలి లేదని కేస్ షీట్‌లో నమోదయ్యే సందర్భాల్లో కొన్నింటికి అసలు కారణం ఇదే.

దీనికి పరిష్కారాలు ఖరీదైనవేమీ కావు. చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే బలహీనమైన పట్టుకు అందుతుంది. అంచు ఎత్తుగా ఉన్న పళ్లెంలో మెతుకులు బయటికి జారవు. పళ్లెం కింద తడిగుడ్డ పరిస్తే అది కదలదు. పడిపోయిన చేతిని ఒడిలో దాచకుండా బల్లపై కంచం పక్కన ఉంచమంటారు. కనీసం కంచాన్ని ఆపి పట్టే పనైనా దానికి అప్పగిస్తారు. వార్డులో నలుగురి ముందు తినలేని వ్యక్తికి తెర అడ్డం వేయడం కూడా చికిత్సే.

చొక్కా, చీర, సగం ముఖం

దుస్తుల విషయంలో ప్రపంచమంతటా ఒకే సూత్రం నేర్పుతారు. తొడుక్కునేటప్పుడు బలహీనమైన చేయి ముందు, విప్పేటప్పుడు చివర. చెప్పడానికి ఒక్క వాక్యమే అయినా దీనిని వంటబట్టించుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. దశాబ్దాల అలవాటు మంచి చేతినే ముందుకు నెడుతుంది. చొక్కా సగంలో ఇరుక్కుపోతుంది. కోపం, కన్నీళ్లు ఆ స్థితిలో సహజం.

మన దుస్తుల్లో చాలావరకు రెండు చేతులు ఉన్నాయన్న ఊహపైనే ఆధారపడి ఉంటాయి. లంగా బొందు, పైజామా నాడా, లుంగీ ముడి, పంచె గోచీ, రవిక హుక్కులు ఏవీ ఒంటిచేత్తో సాధ్యం కావు. బొందు స్థానంలో ఎలాస్టిక్, గుండీల స్థానంలో వెల్క్రో పట్టీలు, ముందువైపు తెరుచుకునే నైటీ వాడితే సగం కష్టం తీరుతుంది. అయితే ముప్పై నలభై ఏళ్లుగా చీరలో తప్ప ఇతరుల కంట పడని స్త్రీకి నైటీలో వార్డు వరండాలో నడక అభ్యాసం చేయడం కండరాల బలంతో తీరే సమస్య కాదు. రోజూ నడకకు నిరాకరిస్తున్న రోగి పైన ఒక చున్నీనో, శాలువానో కప్పితే లేచి నడవడం థెరపిస్టులు ఎరిగిన విషయమే.

మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరిలో మరో వింత స్థితి ఎదురవుతుంది. చూపు ఉన్నా ఎడమ పక్కన ఒక ప్రపంచం ఉందన్న స్పృహే ఉండదు. కంచంలో కుడి సగం తిని, ఇంకా పెట్టమని అడుగుతారు. కుడి చెంప మాత్రమే గీసుకుని గడ్డం అయిపోయిందంటారు. ఎడమ చేయి చొక్కాలోకి వెళ్లలేదని గమనించరు. వైద్యులు ‘నెగ్లెక్ట్’ అని పిలిచే ఈ స్థితిని మొండితనంగానో మతిమరుపుగానో భావించి బంధువులు విసుక్కోవడం పరిపాటి. రోగికి లోపం కనిపించకపోవడమే ఇక్కడ అసలు లోపం. ఇటువంటి రోగుల అనుభవాన్ని స్వీడన్‌లో కెర్స్టిన్ థామ్ బృందం లోతుగా పరిశీలించి 2000లో ప్రచురించింది. తమకు ఒక లోపం ఉందన్న సంగతిని రోగులు దైనందిన పనుల్లో తడబడుతూ క్రమంగా కనుగొంటారని ఆ అధ్యయనం వివరించింది. ఎవరో చెబితే అంగీకరించని విషయం, కంచాన్ని సగం తిప్పినప్పుడు ప్రత్యక్షమైన మిగిలిన అన్నం చూశాక అర్థమవుతుంది.

తలుపు మూయలేని గది

మరుగుదొడ్డి గురించి వైద్య పత్రాల్లో రెండు మూడు పదాలే ఉంటాయి. రోగి రోజులో అత్యధిక ఆందోళన మాత్రం దాని చుట్టూనే తిరుగుతుంది. క్యాథెటర్, డైపర్, బెడ్‌ప్యాన్ అనే మూడు దశల్లోనూ తన శరీరపు అత్యంత గోప్యమైన వ్యవహారం ఇతరుల సమయాన్ని బట్టి నడుస్తుంది. పిలిస్తే ఎవరైనా వస్తారో రారో తెలియదు. వచ్చేది కొడుకో, కోడలో, ముక్కూమొహం తెలియని వార్డుబాయో తెలియదు. మామగారికి కోడలు, తల్లికి కొడుకు ఈ సేవ చేయవలసి రావడం ఇరువైపులా మాటల్లో పెట్టలేని ఇబ్బంది.

దీని పర్యవసానం ఆరోగ్యం మీదే పడుతుంది. రాత్రివేళ ఎవరినీ లేపడం ఇష్టంలేక సాయంత్రం నుంచి మంచినీళ్లు మానేసే రోగులు ఉంటారు. దానివల్ల ఒంట్లో నీరు తగ్గుతుంది, మలబద్ధకం, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు తోడవుతాయి. మరికొందరు ఎవరూ చూడనప్పుడు తామే లేవబోయి పడిపోతారు. తుంటి ఎముక విరిగితే అప్పటిదాకా సాధించిన ప్రగతి వెనక్కి పోతుంది.

నిర్ణీత వేళల్లో, అడగకముందే తీసుకువెళ్లడం ఈ ఆందోళనను గణనీయంగా తగ్గిస్తుంది. మంచం పక్కన కమోడ్ కుర్చీని బలమైన వైపున ఉంచితే ఆ కాలిపై బరువు మోపి మారడం సులభం. లేపేటప్పుడు చంకలో చేయి వేసి లాగడం, చచ్చుబడిన చేతిని పట్టుకుని గుంజడం తీవ్రమైన పొరపాట్లు. కండరాల పట్టు సడలిన భుజం కీలు దిగజారి నెలల తరబడి నొప్పిస్తుంది. ఆ నొప్పితో మిగిలిన అభ్యాసమంతా కుంటుపడుతుంది. నడుము దగ్గర పట్టుకుని, రోగిని ముందుకు వంగమని చెప్పి లేపడం సరైన పద్ధతి. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ, చేతికందే ఎత్తులో బక్కెట్ సరిపోతాయి. అయితే నీటి వేడిని మంచి చేత్తోనే చూసుకోవాలి. స్పర్శ పోయిన చేయి కాలినా చెప్పదు.

ఖాళీగా గడిచే గంటలు

ఆసుపత్రిలో పునరావాసం అంటే రోజంతా సాధన అని బయటివారు ఊహిస్తారు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో అయిదు పక్షవాత విభాగాల్లో రోగుల పగటి సమయాన్ని జూలీ బెర్న్‌హార్ట్ బృందం పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించింది. సగానికి పైగా సమయం మంచంపై విశ్రాంతిలో గడిచింది. కోలుకోవడానికి తోడ్పడే కదలికలకు దక్కింది 13 శాతమే. 60 శాతానికి పైగా సమయం రోగులు ఒంటరిగా ఉన్నారు. ప్రత్యేక విభాగాలున్న సంపన్న దేశంలో పరిస్థితి ఇది.

మరి ఎంత త్వరగా, ఎంత ఎక్కువగా కదిలిస్తే అంత మేలా? అదే పరిశోధకురాలి నాయకత్వంలో అయిదు దేశాల్లో 2,104 మందిపై జరిగిన ‘అవర్ట్’ ప్రయోగం 2015లో ఈ ఆశకు కళ్లెం వేసింది. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే అధిక మోతాదులో లేపి నడిపించిన వారిలో మూడు నెలల తర్వాత మంచి ఫలితాలు సాధారణ పద్ధతిలో చికిత్స పొందిన వారికన్నా తక్కువగానే కనిపించాయి. తొలి రోజున తొందరపాటు పనికిరాదని, ఆ తర్వాత మాత్రం రోజును ఖాళీగా వదలరాదని ఈ రెండు పరిశీలనలను కలిపి చదివితే బోధపడుతుంది.

భారతీయ వార్డులో రోగి ఒంటరిగా ఉండడు. పక్కన ఎప్పుడూ ఒకరిద్దరు మనవాళ్లు ఉంటారు. ఇది మన బలం, ఇక్కడే మన బలహీనత కూడా. ‘నువ్వు ఊరుకో నాన్నా, నేను పెడతాను కదా’ అంటూ కూతురు ముద్ద నోటికి అందిస్తుంది. ప్రేమతోనే. అవతల మంచంలో బంధువు ఫోన్ చూసుకుంటూ ఉండగా, గోడవైపు తిరిగి పడుకున్న రోగికి ఆ పూట సాధన లేదు. పని చేయించుకోవడానికి అలవాటుపడిన చేయి క్రమంగా పనే మానుకుంటుంది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ కోతులపై జరిపిన ప్రయోగాల నుంచి ఈ సూత్రాన్ని వెలికితీశారు. కదిలే శక్తి కొంత మిగిలి ఉన్నా, విఫలయత్నాల కారణంగా జంతువు ఆ అవయవాన్ని వాడటం మానేయడం నేర్చుకుంటుంది. దీని ఆధారంగానే మంచి చేతికి తొడుగు వేసి బలహీనమైన చేత్తోనే పనులు చేయించే పద్ధతి రూపొందింది. మణికట్టు, వేళ్లలో కొంత కదలిక మిగిలి ఉన్న 222 మందిపై అమెరికాలో జరిగిన ‘ఎక్సైట్’ ప్రయోగం దాని ప్రయోజనాన్ని 2006లో ధ్రువపరిచింది. చేయి పూర్తిగా చచ్చుబడిన వారికి ఇది వర్తించదు.

కుటుంబం చేయగలిగింది, చేయలేనిది

థెరపిస్టులు చాలనప్పుడు బంధువులకే శిక్షణ ఇస్తే సరిపోదా? ఈ ప్రశ్నకు ప్రపంచంలోనే పెద్ద పరీక్ష మన దేశంలో జరిగింది. ‘అటెండ్’ పేరిట 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులతో నిర్వహించిన ఈ ప్రయోగంలో సగం మంది కుటుంబ సభ్యులకు ఆసుపత్రిలోనే శిక్షణ మొదలుపెట్టి ఇంటి వద్ద రెండు నెలల వరకు కొనసాగించారు. 2017లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడిన ఫలితం నిరాశ కలిగించింది. ఆరు నెలల తర్వాత మరణించిన లేదా ఇతరులపై ఆధారపడిన వారు రెండు వర్గాల్లోనూ 47 శాతమే.

కుటుంబం ఉపయోగం లేనిదని దీని అర్థం కాదు. కొద్దిపాటి శిక్షణతో కుటుంబాన్ని నిపుణుల స్థానంలో నిలబెట్టడం కుదరదన్నది మాత్రం స్పష్టం. చేత్తో చేయించాలా, చేసిపెట్టాలా అన్నది ప్రతి పూటా తీసుకోవలసిన నిర్ణయం. రోగి ఆ రోజు స్థితిని బట్టి ఎంత సాయం చేయాలో, ఎక్కడ చేయి వెనక్కి తీసుకోవాలో చెప్పగలిగే నిపుణుడు పక్కన ఉండాలి. ఖర్చు తగ్గించుకునే మార్గంగా కుటుంబ శిక్షణను చూసే ప్రణాళికలకు ఈ ప్రయోగం గట్టి హెచ్చరిక.

మాట లేని అవసరం

మాట పడిపోయిన స్థితిని అఫేసియా అంటారు. బుద్ధి చెక్కుచెదరకపోయినా పదం నోటికి రాదు, లేదా వేరే పదం వస్తుంది. ‘నీళ్లు’ అనబోయి ‘దుప్పటి’ అంటే దుప్పటి కప్పేస్తారు. నాలుగైదు సార్లు ఇలా జరిగాక రోగి అడగడమే మానేస్తాడు. గ్లాసు, మంచం, మరుగుదొడ్డి, నొప్పి బొమ్మలు గీసిన ఒక అట్ట మంచానికి వేలాడదీస్తే చూపించి అడగవచ్చు. జవాబు అవుననో కాదనో వచ్చేలా ఒక్కొక్క ప్రశ్నే అడిగి, కాస్త ఆగాలి. వినబడటం లేదనుకుని గట్టిగా అరవడం వల్ల ప్రయోజనం లేదు.

బహుభాషా దేశంలో పక్షవాతాన్ని అర్థం చేసుకోవడంలో హైదరాబాద్‌కు ప్రత్యేక స్థానం ఉంది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో నమోదైన 608 మంది రోగుల వివరాలను సువర్ణ అల్లాడి తదితరులు విశ్లేషించగా, పక్షవాతం తర్వాత ఆలోచనా సామర్థ్యం సాధారణ స్థాయిలో నిలిచినవారు రెండు లేదా అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతం, ఒకే భాష మాట్లాడేవారిలో 19.6 శాతంగా తేలింది. అఫేసియా వచ్చే అవకాశంలో మాత్రం తేడా కనిపించలేదు. ఎన్ని భాషలు వచ్చినా, చికిత్స ఏ భాషలో అందుతుందన్నది వేరే సమస్య. పొరుగు రాష్ట్రంలో చికిత్స పొందే తెలుగు రోగి, అప్పుడప్పుడే కూడదీసుకుంటున్న పదాలను థెరపిస్టుకు తెలిసిన భాషలో వెతుక్కోవలసి వస్తుంది.

పక్షవాతం తర్వాత దాదాపు మూడింట ఒక వంతు మందిలో కుంగుబాటు కనిపిస్తుంది. కొందరిలో కారణం లేకుండా ఏడుపు, సందర్భం కాని నవ్వు ఆపుకోలేనంతగా వస్తాయి. ఇది మెదడు దెబ్బతినడం వల్ల కలిగే లక్షణం, మందులతో తగ్గించవచ్చు. మనవరాలు పలకరించగానే భోరుమన్న తాతను ‘ధైర్యంగా ఉండాలి’ అని మందలించడం కన్నా ఈ విషయం కుటుంబానికి ముందే వివరించడం మేలు.

పదిహేను రోజులు, ఆరు నెలలు

దేశంలో వైద్య పునరావాసానికి చరిత్ర లేకపోలేదు. ముంబైలో అఖిల భారత భౌతిక వైద్య, పునరావాస సంస్థ 1955లోనే ఏర్పాటైంది. ఆంధ్ర సరిహద్దుకు చేరువలోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. అదే కుర్చీలో కూర్చుని శస్త్రచికిత్సలు చేశారు. అమెరికాలో పునరావాస వైద్యం అభ్యసించి తిరిగివచ్చి 1966లో వేలూరులో పునరావాస కేంద్రం ప్రారంభానికి కారకులయ్యారు. మంచం దిగి కుర్చీలోకి మారడమంటే ఏమిటో స్వానుభవంతో తెలిసిన వైద్యురాలు ఆమె.

అయినప్పటికీ పడకల సంఖ్య, నిపుణుల సంఖ్య అవసరానికి దరిదాపుల్లో లేవు. కోలుకునే వేగం తొలి మూడు నెలల్లో అధికంగా ఉండి, ఆరు నెలల వరకు గణనీయంగా సాగుతుంది. సాధారణ ఆసుపత్రుల్లో పక్షవాత రోగి ఉండేది కొద్ది రోజులే. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏటా రూ.5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. డిశ్చార్జి తర్వాతి మందులు, పరీక్షలకు అందులో గడువు 15 రోజులు. మిగతా నెలల సాధన ఖర్చు కుటుంబంపైనే పడుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరణ పొందినవారు నిర్దేశిత ప్రయోజనాలకు అర్హులు. చచ్చుబడిన కాలు, చేయి చలన వైకల్యం కింద పరిగణనలోకి వస్తాయి. అఫేసియా వల్ల శాశ్వతంగా మాట దెబ్బతినడాన్ని ఈ చట్టం అనుబంధం పేరుతో సహా పేర్కొంది. ఈ విషయం తెలిసి దరఖాస్తు చేసుకునే కుటుంబాలు తక్కువ.

డిశ్చార్జికి ముందు మంచి పునరావాస విభాగం రోగి ఇంటి గురించి ఆరా తీస్తుంది. వాకిట్లో ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి ఏ పక్కన ఆధారం ఉంది, మరుగుదొడ్డి ఇంటి లోపలా, పెరట్లోనా, దాని తలుపులో వాకర్ పడుతుందా, రాత్రి అటువైపు దీపం ఉందా అని అడుగుతుంది. కుటుంబ సభ్యులు ఫోన్‌లో తీసిన నాలుగు ఫొటోలు చాలు. మెట్లు ఎక్కేటప్పుడు బలమైన కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు వేయడం ఆసుపత్రి మెట్లపైనే నేర్పుతారు. తెలుగు ఇళ్లలో మరొకటి కూడా చూడాలి. పాదం కిందికి వాలిపోయే రోగికి తరచూ అడ్డం తగిలేది గడప. పసుపు రాసి బొట్లు పెట్టే గడపను తొలగించడానికి చాలా కుటుంబాలు ఒప్పుకోవు. అటువంటప్పుడు దాని ఎత్తు కొలిచి తెప్పించుకుని, అంతే ఎత్తున్న చెక్కదిమ్మను వార్డు నేలపై పెట్టి, కాలు పైకెత్తి దాటడాన్ని ఇంటికి వెళ్లే రోజు వరకు అభ్యాసం చేయిస్తారు.